జేబులో పట్టే కెమెరా: అడిగి తీయాలా, తీసి చూపించాలా?

స్టూడియో: మాస్టారూ, లక్షకు దగ్గర దగ్గరగా పెట్టి కొన్నారు. జూమ్ లేదు. ఫ్లాష్ లేదు. కన్ను ఆనించి చూడ్డానికి వ్యూఫైండర్ లేదు. నాలుగు చినుకులు పడితే దాచుకోవాలి. మీ ఫోన్లో జూమ్ ఉంది, ఫ్లాష్ ఉంది, తడిసినా ఫర్వాలేదు. గుడివాడలో ఇన్నేళ్ళుగా ఇదే పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి, అర్థం కాకే అడుగుతున్నాను. ఎందుకు కొన్నట్టు?

మాస్టారు: లేనివి సరిగ్గానే చెప్పావు. ఉన్నది కూడా విను. ఇది రికో జీఆర్ త్రీ, 2019లో వచ్చిన మోడల్. బ్యాటరీ, కార్డు వేసి తూస్తే 257 గ్రాములు. లోపలి సెన్సర్ మాత్రం ఏపీఎస్-సి, అంటే 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 వెడల్పు. నువ్వు డిజిటల్‌లోకి మారిన కొత్తలో మెడలో వేసుకుని పెళ్ళిళ్ళకి తిరిగిన కెమెరాలో ఉన్నదీ ఆ సైజుదే. ఖరీదైన ఫోన్లలో కూడా ముఖ్యమైన కెమెరా సెన్సర్ విస్తీర్ణం దీనిలో అయిదో వంతుకు అటూఇటూ ఉంటుంది. అంత సెన్సర్‌ని ప్యాంటు జేబులో వేసుకుని బందరు బస్సెక్కొచ్చు. నేను డబ్బు పెట్టింది అందుకు.

స్టూడియో: సెన్సర్ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఫోన్ ఇప్పుడు సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకుని లేదు కదండీ. మనం ఒకసారి నొక్కితే అది వరసగా కొన్ని ఫ్రేములు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సర్ది, ఒక ఫొటో చేసి ఇస్తుంది. సెన్సర్ చిన్నదైన లోటు లెక్కలతో పూడ్చుకుంటోంది. రాత్రిపూట రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఒక్క బల్బు వెలుగులో ఫోన్‌తో తీసి చూడండి, పదేళ్ళ కిందట నా పెద్ద కెమెరాకి కూడా రానంత శుభ్రంగా వస్తుంది. నిమిషంలో అమెరికాలో ఉన్న కొడుక్కి చేరుతుంది. జనం ఈ సంగతి ఎప్పుడో తేల్చేశారు. జపాన్ కంపెనీలన్నీ కలిపి 2010లో 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి పంపితే, 2020లో కోటి కూడా పంపలేదు. పోయినవాటిలో ఎక్కువ భాగం మీ చేతిలో ఉన్నలాంటి చిన్నవే.

మాస్టారు: చిన్నవే, కానీ ఇలాంటివి కావు. పోయినవాటిలో వేలిగోరంత సెన్సర్ ఉండేది. ఫోన్ వాటితో సమానమైంది కాబట్టి అవి పోయాయి, పోవడం న్యాయమే. 2012లో సోనీ ఆర్ఎక్స్ 100 వచ్చినప్పటినుంచి ఈ తరగతి వేరైంది. జేబులో పట్టాలి, సెన్సర్ మాత్రం అప్పటి ఫోన్లు అందుకోలేనంత ఉండాలి. వీటి ధర పెరిగింది, కొనేవాళ్ళు తగ్గారు, అయినా ఇవి నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో నాకు పెడనలో తెలిసింది.

స్టూడియో: అద్దకం షెడ్డు ఫొటోలేగా. అవి చూశాకే ఈ మాట ఎత్తాను. చెప్పండి.

మాస్టారు: ఆ షెడ్డులో వెలుతురు ఎలా ఉంటుందో నీకు తెలుసు. పైన రేకులు, ఒక పక్కనుంచి మాత్రం ఎండ. కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా బల్ల మీద పరిచి ఉంటుంది. అద్దకం చేసే ఆయన టేకు అచ్చు ఆనించి పిడికిలితో వీపు మీద ఒక్క పోటు పొడుస్తాడు. అచ్చు లేపితే నల్లటి గీత. ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపది. పటిక అద్దినచోట ఎరుపు అప్పుడే కనబడదు, కాగులో ఉడికితేనే తేలుతుంది. ముందు ఫోన్‌తో తీశాను. బల్ల కింది చీకటీ, కిటికీ పక్క ఎండా, ఆయన ముఖమూ అన్నీ ఒకే వెలుగులో వచ్చాయి. నీడ అనేదే లేదు. తర్వాత దీనితో తీశాను. సెకనులో ముప్పయ్యో వంతు పెట్టాను. కెమెరా లోపల వణుకు ఆపే ఏర్పాటు ఉంది కాబట్టి చేతిలో పట్టుకునే తీయగలిగాను. అచ్చు స్పష్టంగా నిలబడింది, పిడికిలి మాత్రం అలుక్కుపోయింది. అచ్చు మీద చెక్కిన లతలో ఆకు అంచు లెక్కపెట్టొచ్చు, ఆ చెయ్యి ఎంత జోరుగా దిగుతోందో కూడా కనబడుతుంది. ముఖం సగం చీకట్లో ఉంది. ఆయన రోజంతా పనిచేసేది ఆ చీకట్లోనే.

స్టూడియో: ఆ పిడికిలి ఫొటో బాగుందండీ, అందులో సందేహం లేదు. నాలాంటివాడు ఫ్రేము కట్టించి గోడకు తగిలించే ఫొటో. కానీ అందులో గొప్పతనం కెమెరాది ఎంత, మీరు ముప్పయ్యో వంతు పెట్టాలనుకున్నందుకు ఎంత? ఫోన్లో కూడా ప్రో మోడ్ ఉంది. సెకను వంతులు అక్కడా మార్చుకోవచ్చు.

మాస్టారు: మార్చుకోవచ్చు. ఎవరు మార్చుతారు? గాజు తెర మీద మెనూ తెరిచి, వేలితో జరిపి, అది తేలేలోగా ఆయన మరో మూడు అచ్చులు వేసేస్తాడు. దీనిలో చక్రం బొటనవేలి కింద ఉంది. ఒక చేత్తో అన్నీ అవుతాయి. మీట నొక్కితే సెకను లోపలే సిద్ధం. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి వెళ్ళేటప్పుడు ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాల్సిందే కదా, రెండో చెయ్యి చాలు దీనికి. ఫోన్ తీస్తే ఎవరో పంపిన మెసేజ్ ముందు కనిపిస్తుంది. ఇది తీస్తే ఫొటో తప్ప ఇంకేమీ గుర్తు రాదు. నాకు మొదట తట్టిన సుగుణం అదే. సెన్సర్ విలువ ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకున్నాక తెలిసింది.

స్టూడియో: సరే, గిలకలదిండి వెళ్దాం. తెల్లారి బోటు వస్తుంది, చేపల పాట నడుస్తుంది, మీరు గట్టున ఉంటారు. ఈ లెన్స్ 28 మిల్లీమీటర్ల చూపుకు సమానం. బోటు మీద మనిషి చీమంత పడతాడు. హంసలదీవిలో నది సముద్రంలో కలిసేచోట కొంగల బారు లేస్తే చుక్కల్లా వస్తాయి. కూచిపూడిలో నాలుగో వరసలో కూర్చుని నాట్యం తీయగలరా?

మాస్టారు: తీయలేను. ప్రయత్నించాను, వేదిక అంతా వచ్చింది, నర్తకి ముఖం రాలేదు. జూమ్ కావాలంటే ఆర్ఎక్స్ 100 వరసలో ఏడోది ఉంది, 24 నుంచి 200 దాకా, 302 గ్రాములే. కానీ దాని సెన్సర్ దీనిలో మూడో వంతుకన్నా తక్కువ, పైగా జూమ్ లాగేకొద్దీ లెన్స్ తీసుకునే వెలుతురు తగ్గిపోతుంది. పెద్ద సెన్సరూ, పెద్ద జూమూ రెండూ ఒక జేబులో పట్టవు, భౌతికశాస్త్రం ఒప్పుకోదు. నేను దగ్గరితనం ఎంచుకున్నాను. పాట పాడేవాడి పక్కన నిలబడితే వేళ్ళు చూపించి ధర చెప్పే చెయ్యి, తట్టలో మంచు ముక్కలు, వెనకాల బోటు, అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి. దీనిలో ఒక సదుపాయం ఉంది. దూరం ముందే నిర్ణయించి పెట్టుకోవచ్చు. రెండున్నర మీటర్లకు పెట్టి, ఎపర్చర్ ఎనిమిది చేస్తే మీటరుంబావు నుంచి కనుచూపు మేర దాకా చాలినంత స్పష్టంగా ఉంటుంది. ఫోకస్ కోసం కెమెరా వెతుక్కోదు. నొక్కగానే పడుతుంది. గుంపులో ఆ తేడా నీకు చెప్పక్కర్లేదు.

స్టూడియో: చెప్పక్కర్లేదు. ఫిల్ము రోజుల్లో మేమూ అంతే, అడుగులు లెక్కేసి రింగు తిప్పి ఉంచుకునేవాళ్ళం. కానీ గిలకలదిండిలో ఇంకో మాట ఉంది. ఉప్పుగాలి. మా పెద్ద కెమెరాలకి రబ్బరు సీళ్ళు ఉంటాయి, లెన్స్ విప్పి సెన్సర్ తుడుచుకుంటాం. మీది ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ బయటికి వస్తుంది, ఆపినప్పుడల్లా లోపలికి పోతుంది, పోతూ గాలినీ దుమ్మునూ లోపలికి లాక్కుంటుంది. సీలు లేదు. లోపల నలక పడితే మీరు తుడవలేరు, నేనూ తుడవలేను. మాసూళ్ళప్పుడు ఊక దుమ్ములో దీన్ని బయటికి తీస్తారా? బందరు ఉక్కపోతకి బీరువాలో పెట్టిన లెన్సులకే బూజు పడుతుంది. నా దగ్గరికి వచ్చిన చిన్న కెమెరాల్లో మూలనపడ్డవి ఎక్కువ అలా పోయినవే. బాగుచేయించాలంటే పెద్ద ఊరికి పంపి వారాల తరబడి ఎదురుచూడాలి.

మాస్టారు: అది నిజమైన భయమే. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెడుతున్నాను. జేబు అడుగున నూగు లేకుండా చిన్న గుడ్డసంచీలో వేస్తున్నాను. బ్యాటరీ కూడా కంపెనీ లెక్కలోనే 200 ఫొటోలు, అందుకని రెండోది కొన్నాను. మంగినపూడి తీరాన గాలి లేచినప్పుడు జేబులోంచి తీయలేదు. ఇంత ఖరీదైన వస్తువు మన ఊళ్ళ గాలికి ఇంత భయపడటం నాకు బాధగానే ఉంది. డెల్టాలో ఉండేవాడికి ఎవరికైనా ఇది ముందే చెప్పాలి.

స్టూడియో: ఇవన్నీ సర్దుకోవచ్చు. డబ్బు మీది, జాగ్రత్త మీది. నాకు అసలు పట్టింపు వేరే ఉంది. ఆ పిడికిలి ఫొటో తీసేముందు ఆయన్ని అడిగారా?

మాస్టారు: షెడ్డు యజమానిని అడిగాను.

స్టూడియో: ఆయన్ని?

మాస్టారు: అడగలేదు. తీశాక చూపించాను.

స్టూడియో: నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది. నా కెమెరా బరువు, దాని ముందు పెద్ద లెన్స్, భుజాన సంచి. నేను వీధిలోకి వస్తే అందరికీ తెలుస్తుంది. ఆవిడ పమిట సర్దుకుంటుంది. ఆయన 'ఉండు బాబూ, చొక్కా వేసుకొస్తా' అంటాడు. ఇష్టం లేనివాళ్ళు మొహం తిప్పుకుంటారు. ఆ రెండు నిమిషాల్లో వాళ్ళ మాట చెల్లుతుంది. మీ దానికి చప్పుడు లేదు, లైటు లేదు, మీరు చెయ్యి ఎత్తినట్టు కూడా ఉండదు. మీరు దాన్నే సుగుణమంటున్నారు. జపాన్‌లో అమ్మే ఫోన్లలో ఫొటో తీస్తే చప్పుడు రావాల్సిందేనని కంపెనీలు ఎందుకు పెట్టాయి? తీస్తున్నట్టు ఎదుటి మనిషికి తెలియాలని.

మాస్టారు: ఈ గొడవ కెమెరా చిన్నదైనప్పటినుంచీ ఉంది. 1888లో కోడక్ చేతిలో పట్టే కెమెరా అమ్మితే, రెండేళ్ళకే 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు మనిషికి ఏకాంతపు హక్కు ఉందని అమెరికాలో వ్యాసం రాశారు. అందులో అప్పటికప్పుడు తీసే ఫొటోల ప్రస్తావన ఉంది. మన సుప్రీంకోర్టు కూడా 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనంది. నీ మాటకు ఎంత బలముందో నాకు తెలుసు. కానీ అవతలి నష్టం కూడా చూడు. 1925లో లైకా వచ్చాక మనుషులు నడుస్తూ, నవ్వుతూ, పనిచేస్తూ ఫొటోల్లోకి వచ్చారు. అంతకుముందు నిటారుగా నిలబడ్డవాళ్ళే ఎక్కువ. పెద్ద కెమెరా చూడగానే మనవాళ్ళు ఏం చేస్తారు? చేతిలో పని ఆపేస్తారు. ఆధార్ కార్డు కోసం నిలబడ్డట్టు నిలబడతారు. చిలకలపూడిలో నగకు రాళ్ళు పొదిగే అమ్మాయి ఊపిరి బిగబట్టి పట్టకారుతో రాయి దించే క్షణం, నువ్వు అడిగాక మళ్ళీ వస్తుందా?

స్టూడియో: రాదు. అయినా అడిగాక నిలబడ్డ ఆ అమ్మాయి అబద్ధమా? మీకు కావలసింది ఆమె పని. ఆమెకు కావలసింది తను. పనిలో ఉన్నప్పుడు జుట్టు చెదిరి, చెమట పట్టి ఉంటుంది. తన ఫొటో అలా ఉండాలని ఆమె కోరుకోలేదు. మీరు చూసి ఆహా అంటారు, ఎక్కడో గోడమీద పెడతారు, జీవకళ అంటారు. మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని నా ముందు కూర్చున్న మనిషిలో కూడా నిజం ఉంది మాస్టారూ. తను లోకానికి ఎలా కనిపించాలనుకుంటోందన్న నిజం.

మాస్టారు: అయితే నీ స్టూడియోలో ఆ ముఖాన్ని కంప్యూటర్లో తెల్లబరచడం ఎందుకు? ఉప్పుగాలికీ ఎండకీ మాడిన నల్లటి ముఖం తెచ్చిస్తే, నువ్విచ్చే పాస్‌పోర్టు ఫొటోలో గోధుమరంగు మనిషి ఉంటాడు. ఫోన్ కూడా ఇదే పని చేస్తోంది, అదీ అడక్కుండా. ముడతలు నున్నగా చేసి ఇస్తుంది. నాగాయలంకలో ఓ పెద్దాయన్ని దీనితో తీస్తే ఆయన చర్మం ఏ రంగో ఆ రంగే వచ్చింది, కంటి చివర గీతలతో సహా. ఆ ముఖం చూస్తే ఆయన జీవితం తెలుస్తుంది.

స్టూడియో: వాళ్ళు అడుగుతారు, నేను చేస్తాను. ఈ రంగు పిచ్చి తప్పేనండీ, దాన్ని నేను సమర్థించను. కానీ మీ పెద్దాయన ఆ ఫొటో చూసి ఏమన్నారు?

మాస్టారు: 'ఇంత ముసలాణ్ణయిపోయానా' అన్నారు.

స్టూడియో: ఇంట్లో పెట్టుకుంటానన్నారా?

మాస్టారు: అనలేదు. ఆయన మనవరాలు అడిగి తీసుకుంది.

స్టూడియో: చూశారా, ఆయన ఒకటి కోరుకున్నారు, ఆ పిల్ల ఇంకొకటి కోరుకుంది. ఫొటో ఆయనది.

మాస్టారు: ఇరవయ్యేళ్ళ తర్వాత ఎవరికి కావాలి అది? దివిసీమవాడిగా చెబుతున్నాను. 1977 నవంబరు 19 ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారు. ఆ తర్వాత పత్రికల కెమెరాలు వచ్చాయి. శవాలు తీశాయి, కూలిన ఇళ్ళు తీశాయి. లోకానికి తెలియాలి కాబట్టి తీయాల్సిందే. కానీ నవంబరు 18న ఆ మనుషులు ఎలా ఉన్నారు? వల ఎలా అల్లారు, ఏ అరుగు మీద కూర్చున్నారు, పిల్లల్ని ఎలా ఎత్తుకున్నారు? కెమెరా పెద్దదిగా, ఖరీదుగా, స్టూడియోలో ఉన్న రోజుల్లో మామూలు రోజు ఎవరికీ ఫొటోకి తగినదిగా తోచలేదు. జేబులో ఉండే కెమెరా పని మామూలు రోజుని తీయడం. ఈ సీమలో మామూలు రోజు ఎంత విలువైనదో మనకంటే ఎవరికి తెలుసు?

స్టూడియో: ఈ మాటకి ఎదురు చెప్పడం కష్టం. ఒక్క సంగతి చెబుతాను. ఉప్పెన తర్వాత మా నాన్న దగ్గరికి జనం పాత నెగెటివ్‌ల కోసం వచ్చేవాళ్ళట. అన్న పెళ్ళికి తీసింది ఉందా, చెల్లెలు పదో తరగతి ఫొటో ఉందా అని. ఉన్నవాటికి ప్రింట్లు వేసి ఇచ్చేవారు, డబ్బు తీసుకోలేదు. ఎదురుగా కూర్చుని, 'తీయండి' అన్నవాళ్ళవే ఆ ఫొటోలన్నీ. పోయినవాళ్ళు తామే ఇచ్చి వెళ్ళిన ముఖాలు అవి. అందుకే ఆ ఇళ్ళలో వాటికి దండ పడింది. చెప్పకుండా తీసినదానికి ఆ గౌరవం వస్తుందా?

మాస్టారు: ఏ ఫొటో లేని ఇంటికి అది కూడా రాదు. స్టూడియో దాకా రాలేనివాళ్ళు, వచ్చే తీరిక లేనివాళ్ళు, 'మాకెందుకు ఫొటో' అనుకున్నవాళ్ళు ఎంతమందో. పోయినవాళ్ళలో ఎక్కువమంది కూలీనాలీ జనం, బెస్తవాళ్ళు. వాళ్ళ ముఖాలు ఏ నెగెటివ్‌లో వెతకాలి? మామూలు రోజుల్లో ఎవరో ఒకరు చెప్పకుండానైనా తీసి ఉంటే, ఈరోజు ఆ మనవలు దాన్ని కళ్ళకద్దుకునేవాళ్ళు.

స్టూడియో: అప్పుడు తీసినవాడు ఆ ఫొటో ఆ ఇంటికి చేర్చి ఉంటేనే కదండీ. మీ దాంట్లో 2 జీబీ మెమరీ లోపలే ఉంది, పైన కార్డు. అవి నిండితే హార్డ్ డిస్కు. పెడన ఆయన పిడికిలి ఇప్పుడు ఎక్కడుంది?

మాస్టారు: హార్డ్ డిస్కులో.

స్టూడియో: రేపు నాకు పంపండి. 12 బై 18 ప్రింటు నేను వేస్తాను. మ్యాట్ కాగితం, ఆ చీకటి చెడకుండా. ఖర్చు నాది. అదొకటి ఆయనకి ఇవ్వండి. నాగాయలంక పెద్దాయన దగ్గరికి ఈసారి చెప్పి వెళ్ళండి, తలపాగా కట్టుకోనివ్వండి, ఆయన కోరినట్టు ఇంకొకటి తీయండి. చేస్తారా?

మాస్టారు: చేస్తాను. ఎవరైనా వద్దంటే వాళ్ళ ఎదురుగానే చెరిపేస్తాను కూడా. కానీ ముందు తీస్తాను, తర్వాత అడుగుతాను. అందులో మార్పు లేదు.

స్టూడియో: నేను ముందు అడుగుతాను. ఆ క్షణం పోతే పోనీ అనుకుంటాను. మీరు మళ్ళీ పెడన వెళ్ళే రోజు ఫోన్ చేయండి, నేనూ వస్తాను. అక్కడ పనిచేసేవాళ్ళనే అడుగుదాం, మన ఇద్దరి పద్ధతుల్లో వాళ్ళకి ఏది సమ్మతమో.